బావ చూడని ఓటు

శామీర్‌పేట,
మార్చి 19, 2008

అక్కా,

నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నావని, నేను ఎత్తడం లేదని తిట్టుకుంటున్నావని మా డ్రైవర్ పాండురంగ చెప్పాడు. ఎత్తడానికి ఫోన్ నా దగ్గర ఉంటే కదా. బస్సు దిగగానే మా పార్టీ వాళ్ళు కూరగాయల గంప లాంటిది తెచ్చి, ఎమ్మెల్యేలందరి ఫోన్లు అందులో వేయించుకున్నారు. ఒక్కోదానికీ పేరు రాసిన కాగితం అంటించారు. అప్పుడప్పుడు ఆ గంప దానంతట అదే మోగుతుంది. అందరం అటే చూస్తాం.

రాజ్యసభ ఎన్నికంటే జనం ఓటు వేసేది కాదు కదా, మేమే వెయ్యాలి. అందుకని ఎవరి ఎమ్మెల్యేలను వాళ్ళు ఇలా రిసార్టుల్లో దాచిపెడుతున్నారు. గద్ద ఎత్తుకుపోకుండా అమ్మ కోడిపిల్లలను గంప కింద మూసేది గుర్తుందా, అదే పని. ఇక్కడ చెరువు ఉంది, పచ్చిక ఉంది, మూడు పూటలా బిర్యానీ ఉంది. కాప్రా మీదుగా వస్తే నాచారంలో మీ ఇల్లు గంట దూరం కూడా లేదు. అయినా గేటు దాటనివ్వరు. బీపీ మాత్రలు తెస్తాడని పాండురంగను మాత్రం రానిస్తున్నారు. వాడి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను, రాయకుండా ఉండలేక. ఆరు సీట్లలో అయిదు తేలిపోయినట్టే. తంటా అంతా ఆరోదాని దగ్గరే. దానికి మా లాంతరు పార్టీ రామ్మోహనరావు గారిని నిలబెట్టింది. చిన్న పార్టీలూ, ఇండిపెండెంట్లూ కలిసి బావను నిలబెట్టారు. భోజనాల దగ్గర ప్రతివాడూ నన్ను చూసి, "ఏందన్నా, బుచ్చిరాములు బావకా, మనకా?" అని నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతున్నాను. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుడుతున్నాయి.

మా వాగు మీద వంతెన ఫైలు ఎన్నిక అయిన మర్నాడే సంతకమవుతుందని మా పార్టీ పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో నీకెలా చెప్పను.

బావ ఏమంటున్నాడు? రెండు ముక్కలు రాయి. జొన్న రొట్టెలు, చింతకాయ తొక్కు పంపు. బిర్యానీ అంటేనే కడుపు తిరుగుతోంది.

నీ తమ్ముడు
బిక్షపతి


నాచారం,
మార్చి 20

తమ్మీ,

పెళ్ళిలో మూడు పూటలా బిర్యానీ పెడితే జనం పొగుడుతారు, నువ్వేమో కడుపు తిరుగుతోందంటున్నావు. ఎమ్మెల్యేవయ్యావు మరి. రొట్టెలు మెత్తగా ఉండగానే మూట కట్టాను, పాండురంగ దారిలో విప్పకపోతే నీదాకా వస్తాయి. తొక్కు సీసా మూత గట్టిగా పెట్టాను, బట్టల మీద పెట్టుకోకు.

బావ సంగతి అడిగావు. ఇంట్లో ఉంటే కదా చెప్పడానికి. పొద్దున్నే చొక్కా వేసుకుని సిటీ బస్సెక్కి పోతున్నాడు. దొరికిన ప్రతి ఎమ్మెల్యేనూ కలుస్తున్నాడు. ప్రతిపక్షం నాగలి పార్టీ వాళ్ళ ఇంటికి కూడా పోయాడు. ఒకాయన గంటసేపు ఎండలో నిలబెట్టి, ఆఖరికి లోపల పూజలో ఉన్నానని చెప్పి పంపాడట. "పూజల ఉంటె మంచిదే గదా, దేవునికన్న చెప్తడు" అని ఈయన నవ్వుతున్నాడు. మూతపడ్డ మిల్లుల గురించి ఢిల్లీలో ఒక్కసారి నోరు విప్పి మాట్లాడాలని ఆశ. ముప్పై ఏళ్ళు మిల్లు గేటు బయట మాట్లాడిన మనిషి, ఒక్కసారి లోపల మాట్లాడాలని ఉండదా?

కొత్త అద్దాలు వేయించుకున్నాడు. పాతవాటి మీద కూర్చున్నాడులే. చేయించేదాకా రెండు రోజులు నన్ను పట్టుకుని పక్కింటి శ్యామలాదేవి గారనుకుని, "నమస్తె అమ్మా, సార్ ఉన్నడా?" అన్నాడు. అద్దాలు లేకపోతే ఆయనకు మనిషీ స్తంభమూ ఒకటే.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కావడం లేదు. నీ పేరు ఎత్తడం లేదు. నేనెత్తితే కంచంలోకి చూస్తున్నాడు. నువ్వూ ఆయనా మాట్లాడుకోకుండా ఇన్ని రోజులు ఎప్పుడైనా ఉన్నారా?

మాత్రలు మానకు. ఆ చెరువు దగ్గర సాయంత్రం దోమలుంటాయి, ఫుల్ చేతుల చొక్కా వేసుకో.

అక్క
సత్తమ్మ


శామీర్‌పేట,
మార్చి 22

అక్కా,

రొట్టెలు అందాయి. నా పక్క గదిలో ఉన్న కరీంనగర్ ఎమ్మెల్యే వాసన పట్టి వచ్చి సగం తినేశాడు. మీ అక్కను కూడా మన క్యాంపుకు పిలిపించమంటున్నాడు.

ఈ రోజు హోలీ కదా, పొద్దున మా మీద రంగులు చల్లారు. మధ్యాహ్నం ఆ రంగు మొహాలతోనే కూర్చోబెట్టి ఓటు ఎలా వెయ్యాలో క్లాసు చెప్పారు. రిటైరైన ఆఫీసరు ఒకాయన వచ్చి మమ్మల్ని ఒకటో తరగతి పిల్లల్ని చేశాడు. అక్కడ ఇచ్చే ఊదా రంగు పెన్నుతోనే రాయాలి. టిక్కు పెట్టకూడదు, పేరు ఎదురుగా ఒకటి అంకె వెయ్యాలి. వేశాక డబ్బాలో వేసే ముందు మన పార్టీ ఏజెంటుకు విప్పి చూపించాలి. ఆయనకు తప్ప ఇంకెవరికి చూపించినా ఆ ఓటు చెల్లదు. "కన్నతల్లి ఎదురొచ్చినా మడిచే ఉంచండి" అని మూడుసార్లు చెప్పాడు.

చూపించి వెయ్యాలనగానే నాకు నవ్వొచ్చింది. ఈ విద్య నాకు అయిదో తరగతిలోనే వచ్చు కదా. ఊరి నుంచి మీ ఇంటికొచ్చిన కొత్తలో బావ షిఫ్టు దిగి వచ్చేదాకా పలక పట్టుకుని గడప మీద కూర్చునేవాణ్ణి. ఆయన సైకిల్ స్టాండు వేసి, పలక చూసి, "మంచిగుంది, పో, ఇచ్చెయ్" అంటే గానీ మర్నాడు పంతులుకు చూపేవాణ్ణి కాదు. పదో తరగతి ఫారం, టీచరు ఉద్యోగం దరఖాస్తు, ఆఖరికి నా ఎమ్మెల్యే నామినేషన్ కాగితం కూడా ఆయన చూసి "ఇచ్చెయ్" అన్నాకే ఇచ్చాను.

అందుకే ఇప్పుడు మనసు కుతకుత ఉడుకుతోంది అక్కా. ఎండలో నిలబెట్టినవాణ్ణి అడిగాడు. పూజ పేరు చెప్పి తప్పించుకున్నవాణ్ణి అడిగాడు. క్యాంపుకు రాకముందు మా ఎమ్మెల్యే క్వార్టర్సులో నా పై అంతస్తు, కింది అంతస్తు కూడా తొక్కాడు. నా తలుపు మాత్రం తట్టలేదు. నేను ఆయనకు ఓటరుగా కూడా కనిపించడం లేదా? లేక ఈ పార్టీలో ఉన్నానని మనిషిగానే కొట్టేశాడా?

రామ్మోహనరావు గారు నిన్న వచ్చి అందరినీ వాటేసుకున్నాడు. నన్ను రెండుసార్లు వాటేసుకుని రెండు వేరే పేర్లతో పిలిచాడు. మంచివాడే, ఎవరో ఏమిటో తెలియదంతే.

ఒక్క పని చెయ్యి. బావను అడుగు. తనకు వెయ్యమని ఆయన ఒక్క మాట అంటే వేస్తాను. వంతెన పోతే పోతుంది, పార్టీ పోతే పోతుంది.

బిక్షపతి


నాచారం,
మార్చి 24

తమ్మీ,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మాటే మరిచాను. పాలు పొంగిపోయాయి, చూసుకోలేదు.

నువ్వు ఓటు వేస్తావా వెయ్యవా అన్నది నీ ఇష్టం. అది నేను అడగలేదు, అడగను కూడా. కానీ ఆయన నీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపితే గానీ నీ చెయ్యి కదలదా? నీకు పలక పట్టుకోవడం నేర్పిన మనిషితో అడిగించుకోవాలని ఉందా? నన్ను మధ్యవర్తిని చేసి ఆ మాట ఇంట్లోకి పంపుతావా?

వంతెన పోతే పోతుందని ఎంత తేలికగా రాశావు. చిన్నమ్మను నొప్పులతో బండి మీద పడుకోబెట్టి, వాగు తగ్గుతుందేమోనని తెల్లారేదాకా ఒడ్డున కూర్చున్నప్పుడు నువ్వు చిన్నవాడివి. నేను పక్కనే ఉన్నాను. ఆ వాగు సంగతి నా ముందు తేలికగా మాట్లాడకు.

ఇటు నువ్వు, అటు ఆయన. నాకు రెండు కళ్ళు. ఏ కన్ను పొడుచుకోమంటావు?

మాత్రలు పంపుతున్నాను.

సత్తమ్మ


నాచారం,
మార్చి 25

తమ్మీ,

నిన్న కోపంలో రాశాను. రాసి పంపాక రాత్రి అన్నం సహించలేదు. పొద్దున ఆయన బస్సుకు బయలుదేరుతుంటే చెప్పులు దాచిపెట్టి ఎదురుగా నిలబడి అడిగాను. "నా తమ్ముడేం పాపం జేసిండు, ఊరందర్ని అడుగుతున్నవ్, వాన్ని అడగవేంది?" అన్నాను.

ఆయన గడప మీద కూర్చున్నాడు. నువ్వు పలక పట్టుకుని కూర్చునే చోటే. అక్కడ కూర్చునే అన్నాడు, "అడిగితె వాడు కాదనడే. కాదననోన్ని అడుగుడు అడుగుడు గాదు, గుంజుకునుడు. వానికి వంతెన గావాలె. జనం వోట్లేసింది దానికే. నా కోసం వాడు పార్టీల మాట పడొద్దు. వాని వోటు వాడు సక్కగ వాని పార్టీకి ఏసుకోమను."

విన్నావా? నిన్ను కొట్టేయడం కాదు, ఇది ఇంకోటి. నేను కూడా ఇన్నాళ్ళూ తప్పుగానే అనుకున్నాను. ఇంత చిన్న మాట ముందే చెబితే ముగ్గురికీ ఇన్ని తిప్పలుండేవి కావు. కానీ ఆయన అంతే, గేటు ముందు మైకులో గంటలు మాట్లాడతాడు, ఇంట్లో మాట మింగుతాడు.

రేపే కదా పోలింగు. మనసులో ఏమీ పెట్టుకోకుండా పోయి వేసిరా. నిన్న రాసిన మాటలు మర్చిపో. నాకు కోపం వస్తే నోటికి గేటు ఉండదని నీకు తెలుసు కదా.

నీ అక్క
సత్తమ్మ

పాండురంగ చేతికిస్తున్నాను. ఈ రోజే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.


ఎమ్మెల్యే క్వార్టర్స్,
మార్చి 26, సాయంత్రం

అక్కా,

ఫోన్ తిరిగిచ్చారు. నీ నంబరు దాకా వెళ్ళి రెండుసార్లు ఆపేశాను. నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నీ 24వ తేదీ ఉత్తరం అందింది. నిన్న మాత్రల పేరు చెప్పినా గేటు దగ్గర లోపలికి రానివ్వలేదట. పోలింగు అయ్యేదాకా ఎవరూ లోపలికి రావొద్దన్నారు. పాండురంగ బయటి నుంచే తిరిగిపోయాడు. నీ ఆఖరి మాటలే చెవుల్లో పెట్టుకుని పొద్దున బస్సెక్కాను.

అసెంబ్లీలో పెద్ద గది. ఒక పక్క అధికారులు, ఒక పక్క పార్టీల ఏజెంట్లు, ఆ పక్కనే అభ్యర్థులు. బావ తెల్ల చొక్కా వేసుకుని, కొత్త అద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన ఏజెంటు ఉపేందర్. నేను లోపలికి పోతుంటే బావ చూశాడు. నవ్వలేదు.

ఓటు వేసే చాటులో పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బావ అడగలేదు. నువ్వు చిన్నమ్మను గుర్తు చేశావు. వాగు కళ్ళ ముందు కనిపించింది. రామ్మోహనరావు పేరు ఎదురుగా ఒకటి వేశాను.

మా ఏజెంటుకు విప్పి చూపాను. తల ఊపాడు. డబ్బా వైపు నడవాలి. నడిచాను, కానీ బావ ముందు కాళ్ళు ఆగిపోయాయి. ఎందుకో చెప్పలేను అక్కా. ఇంకొకరు చెబితే వినడం కాదు, నేను చేసింది ఆయన నా చేతిలోనే చూడాలనిపించింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి నా మాట వినలేదు. రూలు గుర్తుకొచ్చేసరికి కాగితం ఆయన ముందు విప్పే ఉంది.

బావ ఏం చేశాడో తెలుసా? అద్దాలు తీసేశాడు. తల వంచుకుని, వాటిని కండువాతో తుడుస్తూ కూర్చున్నాడు. నా మొహం చూడటానికి కూడా ఇష్టం లేనట్టు. మా ఏజెంటు పరిగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి లాక్కుపోయి ఓటు వేయించి, అదే ఊపున బయటికి పంపేశాడు. మళ్ళీ లోపలికి పోనివ్వలేదు.

రామ్మోహనరావు ఒక్క ఓటుతో గెలిచాడు. ఒక్కటంటే ఒక్కటి. మా వాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. "బావను గాదని పార్టీకేసిన మొగోడు" అని అరుస్తున్నారు. పైనుంచి చూస్తే బావ మెట్లు దిగి బస్‌స్టాప్ వైపు పోతున్నాడు. అద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఉపేందర్ ఆయన రెక్క పట్టుకుని నడిపిస్తున్నాడు.

నేను ఇక నాచారం రాను. ఏ మొహం పెట్టుకుని ఆ గడప ఎక్కను? మీ పిల్ల అడిగితే మామయ్య ఊళ్ళో లేడని చెప్పు.

బిక్షపతి


నాచారం,
మార్చి 27

తమ్మీ,

ముందు ఈ ఉత్తరంతో పాటు ఉన్న ఇంకో కవరు విప్పు. అది నేను 25న రాసింది. పాండురంగ చొక్కా జేబులో చెమటకు తడిసి తిరిగొచ్చింది. చదివాకే ఇది చదువు.

చదివావా? ఇప్పుడు విను.

నిన్న సాయంత్రం ముందు ఉపేందర్ అరుపులు వచ్చాయి, తర్వాత మనుషులు వచ్చారు. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. ముందు గదిలో ఆ పిల్లగాడు కాళ్ళు నేలకేసి కొడుతున్నాడు. "మామా, నీ ముంగట్నే ఇప్పిండు గదా. నేను పక్కన్నే ఉన్న. సూడలేదని ఎట్లంటివి?" అంటున్నాడు. ఈయన మంచినీళ్ళు అడిగాడు, అంతే. తర్వాత ఉపేందరే నాకు అంతా చెప్పాడు.

నిన్ను బయటికి పంపగానే ఉపేందర్ లేచి ఫిర్యాదు చేశాడట. పార్టీ ఏజెంటుకు కాక వేరేవాళ్ళకు ఓటు చూపించాడు, ఆ ఓటు కొట్టెయ్యండి అని. గదంతా గోల. మీ ఏజెంటు చూపించలేదంటాడు, ఇతను చూపించాడంటాడు. చివరికి ఎన్నికల అధికారి అందరినీ కూర్చోమని నేరుగా మీ బావనే అడిగాడట, "మీరు చెప్పండి. ఆయన మీకు ఓటు చూపించారా? మీరు చూశారా?" అని. చూశానని ఈయన ఒక్క మాట అంటే ఆ ఓటు లెక్కలోకి రాకుండా పక్కన పెట్టేస్తానన్నాడట.

ఆ ఓటు పోతే ఇద్దరికీ సమానం. చీటీ తీసేవాళ్ళు. చీటీలో ఎవరి పేరు వస్తుందో దేవుడికే తెలుసు. ఆ మాట అప్పుడు ఎవరికీ తెలియదనుకో, కానీ ఒక్కో ఓటుకూ ఎంత గట్టి పోటీయో ఆ గదిలో అందరికీ తెలుసు. మీ బావకు ఇంకా బాగా తెలుసు.

మీ బావ లేచి నిలబడ్డాడట. అద్దాలు చేతిలోనే ఉన్నాయట. "సార్, అద్దాల్లేకుంటె నాకు నా చెయ్యే కానరాదు. అప్పుడు తుడుసుకుంటున్న. నేనేం సూడలే" అన్నాడట. అధికారి ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే చెప్పాడట. నీ ఓటు డబ్బాలోనే ఉండిపోయింది.

అద్దాలు తర్వాత కూడా పెట్టుకోలేదు ఎందుకంటే, పెట్టుకుంటే ఎవరైనా మళ్ళీ అడుగుతారని. బస్‌స్టాప్ దాకా ఉపేందర్ రెక్క పట్టుకుని నడిచింది అందుకే. ఆ పిల్లగాడు తిట్టుకుంటూనే నడిపించాడు.

నువ్వేమో మొహం చూడటానికి ఇష్టం లేదనుకున్నావు. నీకు చదువెందుకు చెప్పించామో.

ఉపేందర్ పోయాక అన్నం పెట్టాను. ఆయన తినడం మొదలుపెట్టాక ఎదురుగా కూర్చున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి అబద్ధం చెప్పగా నేను వినలేదు. జీతం కోత పెడతామని బెదిరించినప్పుడు కూడా యజమాని ముందు ఉన్నదున్నట్టు చెప్పి సస్పెండైన మనిషి. అందుకే మెల్లగా అడిగాను, "నిజంగనే సూడలేదా?" అని.

అన్నంలో పప్పు కలుపుకున్నాడు. తర్వాత అన్నాడు, "అద్దాలు తియ్యకముందే సూసిన. ఒకటి సక్కగ రాసిండు, యాడ వంకర లేదు. మంచిగుంది, ఇచ్చెయ్ అనేటోన్నే. గని నోరు తెరిస్తె వాని వోటు పోతుండె."

తమ్మీ, నేను లేచి వంటింట్లోకి పోయాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఓడిపోయినందుకు కాదు. ఓడిపోవడం మాకు కొత్తా ఏమన్నా.

కాసేపటికి ఆయనే కేకేశాడు. వాగు మీద వంతెన ఎన్ని రోజుల్లో కడతారో నిన్ను అడగమన్నాడు. వెడల్పుగా కట్టించమను, ఎడ్లబండీ బస్సూ ఎదురైతే తప్పుకునేటట్టు ఉండాలన్నాడు. కాంట్రాక్టరు ఇసుకలో మోసం చేస్తాడు, తానే పోయి కాపలా కూర్చుంటానని కూడా అన్నాడు. మిల్లుల గురించి మాట మాత్రం ఎత్తలేదు. ఆ మాట నువ్వైనా ఎక్కడో ఒకచోట ఎత్తు. అసెంబ్లీలో నీకు మైకు ఉంది కదా.

ఈ ఉత్తరం చదవగానే చింపెయ్యి. మీ బావ చెప్పిన ఒకే ఒక్క అబద్ధం మన ముగ్గురి మధ్యే ఉండాలి.

పిల్లకు మామయ్య ఊళ్ళో లేడని నేను చెప్పను. నేను కూడా అబద్ధాలు మొదలుపెడితే ఈ ఇంట్లో ఇక ఎవరు మిగులుతారు? ఆదివారం రా. బిర్యానీ పెట్టను, రొట్టెలే. గడప మీద కూర్చో, ఆయన వస్తాడు. చేతిలో ఏ కాగితమూ లేకుండా రా.

నీ అక్క
సత్తమ్మ